ఏడు నీళ్లు కడిగిన తోటకూర

మా లాబ్‌లో ఆకును మూడు నీళ్లు కడుగుతాం. మొదట నల్లా నీళ్లు, తర్వాత రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్. ఆకు మీది దుమ్మూ మన్నూ పోవాలి, ఆకు లోపల ఉన్నదే మిగలాలి. తర్వాత ఎండబెట్టి, పొడి చేసి, యాసిడ్‌లో కరిగించి యంత్రానికి పెడతాం. యంత్రం ఒక అంకె చెబుతుంది. మా పెద్దమ్మ పద్మమ్మ తన తోటకూరను ఏడు నీళ్లు కడిగేది. నేను చెప్పిన ఒక్క మాట వల్లనే కడిగింది. ఆ సంగతి చెబుతాను. రిపోర్టులు రాసీ రాసీ ఏ సంగతైనా గొంతు పెంచకుండా చెప్పడం నాకు అలవాటైపోయింది.

అది రెండువేల ఆరు. నేను రాజేంద్రనగర్‌లో ఒక పరిశోధన ప్రాజెక్టులో అసిస్టెంట్‌ని. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు నెలకొక అద్దాల మేడ లేస్తున్న రోజులు. మేడల్లోకి కొత్త కంప్యూటర్లు పోతుంటే పాతవి ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. పగిలిన మానిటర్లు, యూపీఎస్ బ్యాటరీలు, రాగి కోసం కాల్చిన వైర్ల బూడిద, వాటితోపాటు ఇళ్ల చెత్త, అన్నీ లారీలెక్కి ఊళ్ల పక్కన మొరం తవ్వి వదిలేసిన గుంతల్లోకి వచ్చేవి. ఆ చెత్త మీద పెరిగిన ఆకుకూరల్లో ఏముందో చూడడమే మా ప్రాజెక్టు. దానికి ఇంగ్లిషులో రెండు వరుసల పొడుగు పేరు ఉండేది. ఊళ్లో ఎవరైనా ఏం పని చేస్తున్నావని అడిగితే కూరగాయల పరీక్ష అని చెప్పి ఊరుకునేదాన్ని.

ప్రాజెక్టు నడిపే మా సారు అయిదు చోట్ల నుంచి ఆకులు తెమ్మన్నారు. ఆరోది నేను సొంతంగా తెచ్చాను. మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద షేర్ ఆటో దిగి రెండు కిలోమీటర్లు లోపలికి నడిస్తే మా ఊరు. ఊరికి ఈవల మొరం గుంత. అది నిండిపోయాక లారీలు ఇంకో గుంత వెతుక్కుంటూ పోయాయి. నిండిన గుంత మీద పెద్దమ్మ పది గుంటల, అంటే పావెకరం మడి చేసుకుంది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అమ్మ పోయాక పదో తరగతి దాకా నన్ను సాకింది ఆమే. నలభై ఏళ్లు ఇతరుల చేలల్లో కలుపు తీసిన మనిషి. ఆ చేలు ఫామ్‌హౌసులై గేట్లు పడ్డాక కూలి దొరకడం తగ్గింది. అప్పుడు ఆమె కన్ను గుంత మీద పడింది. చెత్త మురిగి నల్లబడ్డ చోట తోటకూర దానంతటదే మొలిచి నడుమెత్తు పెరిగిందట. రాళ్లూ రేకులూ ఏరి, చదును చేసి, మళ్లు కట్టి, తోటకూర, పాలకూర, పుంటికూర వేసింది. ఆ నేల సర్కారుది. అయినా పుట్టి బుద్ధెరిగాక ఆమె 'నా మడి' అన్నది దాన్ని ఒక్కదాన్నే.

జూలైలో నేను ఆకుల కోసం వెళ్లినప్పుడు పట్టలేని సంతోషంతో చూపించింది.

"ఎరువెయ్యలే, మందు గొట్టలే. చూడు ఎట్లున్నదో. ఒక్కో ఆకు అరచెయ్యంత ఉన్నది. గీ మన్ను బంగారం బిడ్డా."

"అమ్ముతున్నవా?"

"చేవెళ్లకు తీస్కపోతె గంటల అయిపోతది. మొదటి కట్ట మాత్రం కరుణకే. దవాఖాన నర్సమ్మ చెప్పింది, రక్తం తక్కువున్నదంట, ఆకుకూర మస్తు పెట్టుమన్నది."

కరుణ మా ఆనంద్ బాబు అన్న భార్య. అన్న పెద్దమ్మకు ఒక్కడే కొడుకు, కాల్ సెంటర్ పిల్లల్ని ఇళ్ల దగ్గర దింపే సుమో నడిపేవాడు. పెళ్లయి ఆరేళ్లు. రెండు కడుపులు నిలవలేదు. ఇది మూడోది, నాలుగో నెల నడుస్తోంది. పెద్దమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినా, బోరింగ్ దగ్గర బిందె పెట్టినా అదే ముచ్చట. ఈసారి నిలవాలి, అంతే.

ఆగస్టులో అంకె వచ్చింది. తోటకూరలో సీసం, సర్కారు ఒప్పుకునే హద్దుకు ఎనిమిది రెట్లు. ఆరు చోట్లలోకీ మా పెద్దమ్మదే ఎక్కువ. చెయ్యి తప్పిందేమోనని మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. మూడుసార్లూ అంతే వచ్చింది.

ఇక్కడ ఆ మాట గురించి చెప్పాలి. మేం లాబ్‌లో లెడ్ అనేవాళ్లం. సారు కోస్తా మనిషి, భాష మీద పట్టింపు ఎక్కువ. రైతులకు పంచే కరపత్రం నా చేత రాయిస్తూ, "లెడ్ ఏమిటమ్మా? మనకు సీసం అని చక్కని మాట ఉంది కదా, అది రాయి" అని దిద్దారు. దిద్దాక నాకూ నచ్చింది. చదువుకున్నదాన్ని, తెలుగులో చెబుతున్నాను, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ వారమంతా నోట్లో సీసమే తిరిగింది.

పెద్దమ్మ దగ్గర ఫోన్ లేదు. ఊరికి వెళ్లిరావడానికి ఒక పూట చాలు. వెళ్లలేదు. ఢిల్లీకి రిపోర్టు పంపే వారం అది. అన్నకు ఫోన్ చేశాను. వెనక ఆడపిల్లల మాటలు, ముందు హారన్లు.

"అన్నా, పెద్దమ్మ కూరల సీసం ఉన్నది. మస్తున్నది. వదినెకు అస్సలు పెట్టొద్దని చెప్పు."

"సీసమా?" అన్నాడు. నాకు అలాగే వినిపించింది. "గా చెత్తల ఉండకేముంటది! సరే, అవ్వకు చెప్త."

పది రోజులాగి మళ్లీ అడిగాను. మరీ అంత పట్టనిదాన్నేం కాదు.

"చెప్పినవా అన్నా?"

"అదే దినం చెప్పిన. నువ్వు ఫికర్ చెయ్యకు. పొద్దటికెల్లి మాపటిదాక గదే పని, తీసేస్తనే ఉన్నది."

తీసేస్తున్నదంటే మొక్కలు పీకేస్తోందనుకున్నాను. బంగారం అన్న మడిని పాపం ఎంత బాధపడి పీకుతోందో అనుకున్నాను. ఆ బాధ చూడలేకనే మూడు నెలలు ఊరికి పోలేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి బద్ధకం కూడా.

నవంబరులో మా చర్చిలో కోత పండుగ. ఎవరి పంట మొదటి ఫలం వాళ్లు గంపలో తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తారు. కూరగాయలేమో వంటకు పోతాయి, మధ్యాహ్నం ఊరందరికీ ప్రేమ విందు. భూమి ఉన్నవాళ్ల గంపలు ముందు వరుసలో ఉండేవి. పెద్దమ్మ ఎన్నడూ గంప తెచ్చింది లేదు. ఏటా ఒక కోడిగుడ్డో, కొబ్బరికాయో తెచ్చి ఓ మూల పెట్టి వచ్చేది.

ఆ ఆదివారం నేను చేరేసరికి ఆరాధన సగమైంది. వెనక నిలబడి చూస్తే ముందు వరుసలో, వడ్ల మూటల పక్కన, పెద్ద గంపెడు తోటకూర. ఎవరిదో బాగా పండిందే అనుకున్నాను. అయ్యగారు ప్రార్థన ముగించాక సంఘ పెద్ద సాలోమోను గంపలు చూపిస్తూ పేర్లు చదివాడు. "పద్మమ్మ, తోటకూర" అన్నాడు. పెద్దమ్మ ముందు బల్ల మీద తల ఎత్తుకుని కూర్చుంది.

వేరే మడి ఎక్కడో చేసుకుని ఉంటుందనుకున్నాను. మనకు పనికొచ్చేదే మనం అనుకుంటాం.

ఆరాధన అయ్యాక గంపలు వంట పందిరికి పోయాయి. పెద్దమ్మ నన్ను చూసి చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఇల్లు చర్చి వెనకే. ఆమె వేళ్ల నిండా గుడ్డ పేలికలు చుట్టి ఉన్నాయి.

"నీకొకటి చూపియ్యాలె, రా. మూడు నెలల సంది దాచిపెట్టిన."

గడప పక్కన సున్నపు బకెట్లు రెండు. వాటి నిండా గాజు పెంకులు. తెల్లవి, పచ్చవి, గోధుమరంగువి. బీరు సీసాలవి, మందు సీసాలవి, మానిటర్ల అద్దాలవి. కొన్ని గోరంత కూడా లేవు.

"నువ్వు సీస ఉన్నదన్నవంట గదా. నిజమే బిడ్డా, తవ్వినకొద్ది సీస పెంకులే. మడి మడంత జల్లెడ పట్టిన. ఇప్పుడు ఒక్క పెంకు లేదు, చెయ్యి పెట్టి చూసుకో. కూరనైతే ఏడు నీళ్లు కడుగుత, ఉప్పేసి మరీ కడుగుత. కరుణకు ఆకు ఆకు తిప్పి చూసి ఏస్త."

లోపలి నుంచి కరుణ వచ్చింది. ఎనిమిదో నెల. ముఖం నిండుగా ఉంది. "పొద్దు మాపు గదే కూర జ్యోతీ, తినీ తినీ నోట్లె తోటకూర మొలుస్తది" అని నవ్వింది.

నేను మొదట చేసిన పని ఏమిటంటే లెక్క. రోజుకు రెండు పూటలు, మూడు నెలలు. అంతకుముందువి కలిపితే అయిదు. అంకె వచ్చేసింది. బకెట్ పక్కనే కూర్చున్నాను.

"పెద్దమ్మా, సీస కాదు. సీసం."

"గదే గదా."

"గాజు కాదే. బ్యాటరీలల్ల ఉంటది, బూడిద రంగుది."

"ఇనుమసోంటిదా? అది గూడ ఏరుదమైతె."

"ఏరనీకి రాదు పెద్దమ్మా. కండ్లకు కనపడది. మన్నులకెల్లి వేర్లలకు పోతది, వేర్లకెల్లి ఆకులకు పోతది. కడిగితె పోదు, ఉడకబెడితె పోదు. విషం."

పెద్దమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత కరుణ కడుపు వైపు చూసింది.

"లోపలి పిల్లకు పోతదా?"

అబద్ధం చెప్పగలిగేదాన్నే. "పోతది" అన్నాను.

కరుణ గోడకు ఆనుకుంది. పెద్దమ్మ వేళ్లకు చుట్టిన పేలికలు ఒక్కొక్కటే విప్పసాగింది. ఎందుకు విప్పుతోందో ఆమెకూ తెలియదనుకుంటాను. కోపం చేస్తుందని చూశాను. చేయలేదు. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే అడిగినట్టు అడిగింది.

"మరి నువ్వు విషమని ఎందుకనలే బిడ్డా? విషమంటె నాకు తెలుస్తుండె గదా."

ఇరవై ఏళ్ల చదువులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నాకు సిగ్గేసింది. ఒళ్లంతా మంటలు పుట్టే సిగ్గు. విషమనే మాట నాకు పుట్టినప్పటి నుంచి వచ్చు. దాన్ని పక్కన పెట్టి ఇంకో మాట చెప్పాను, చక్కగా ఉందని.

పెద్దమ్మ లేచింది. "కూర పొయ్యి మీద పడ్డది" అంటూ పరుగెత్తింది. అరవై ఏళ్ల మనిషి అట్లా పరుగెత్తడం నేనెన్నడూ చూడలేదు. వెనకే నేనూ పోయాను. పందిరి కింద పెద్ద గంజులో పప్పు ఉడుకుతోంది, తోటకూర అందులో వేసేశారు. సాయమ్మ తెడ్డుతో తిప్పుతోంది. బంతికి కూర్చోవడానికి జనం చాపలు పరుస్తున్నారు.

"దించు సాయమ్మా. పారబోయాలె" అంది పెద్దమ్మ.

సాయమ్మ తెడ్డు ఆపి నోరు తెరిచింది. సాలోమోను వచ్చాడు. మంచివాడే, కానీ రెండు వందల మందికి వండిన పప్పు పారబోస్తామంటే ఏ పెద్దమనిషి ఊరుకుంటాడు?

"ఏంది పద్మమ్మా గిది? ప్రార్థన చేసిన కానుక అది."

"దాంట్ల విషమున్నది పెద్దయ్యా. నా మడిల విషమున్నది. నేను ఎరుగక తెచ్చిన."

అందరి చేతులూ ఆగిపోయాయి. సాలోమోను నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నదానివి, చెప్పు కృపాజ్యోతీ. గీ ఒక్క పూట తింటె చస్తరా మంది?"

నిజం చెప్పాలి కదా. "ఒక్క పూటకు ఏం కాదు" అన్నాను.

"మరింకేంది" అన్నాడు సాలోమోను.

"మీకేం గాదు" అంది పెద్దమ్మ. "నా కోడలు అయిదు నెలలు తిన్నది. ఆమెకు పెట్టొద్దన్నది మీకెట్ల పెడుత?" అని, కొంగు మడిచి గంజు అంచు పట్టుకుంది. ఒక్కతె వల్ల కాలేదు. ఎవరూ కదల్లేదు. చివరికి ఆనంద్ బాబు అన్న వచ్చి రెండో వైపు పట్టాడు. ఇద్దరూ కలిసి పప్పంతా గోడవతల గుంతలో పోసి మన్ను కప్పారు. తర్వాత పెద్దమ్మ తిరిగి వచ్చి జనం ముందు నిలబడింది. "నా దగ్గర కూర కొన్నోళ్లు ఇంకా ఇంట్ల ఉంటె పారెయ్యుండ్రి. రేపటికెల్లి నేను కూర అమ్మను" అంది. ఆ రోజు ప్రేమ విందు అన్నం, చారు.

అన్న సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "నాకు సీస అనే వినపడ్డది జ్యోతీ, ఒట్టు" అన్నాడు. తెలుసన్నాను. అతన్ని నేను ఒక్క మాట అనలేదు. అనే ముఖం నాకు లేదు.

సోమవారం పెద్దమ్మ మడి పీకింది. మేకలు తినకుండా, కాల్చకుండా గుంత తీసి పూడ్చమని చెప్పాను. ఈసారి ఎదురుగా నిలబడి, ప్రతి మాటా తిరిగి ఆమె చేత చెప్పించుకున్నాను. మడంతా ఖాళీ అయ్యాక చూస్తే, జల్లెడ పట్టిన ఆ నల్లమన్ను చేతికి పిండిలా తగిలింది. అంత మెత్తని మన్ను ఫామ్‌హౌసుల లాన్లలో కూడా ఉండదు.

కరుణ రక్తం నగరంలో పరీక్ష చేయించాం. ఉండకూడనంత ఉంది. డాక్టరమ్మ ఆ కూర ఆపమంది, పాలు, కాల్షియం, ఐరన్ రాసింది. లోపలికి పోయినదాని సంగతి అడిగితే, "ఇప్పుడు చేసేదేం లేదు, చూద్దాం" అంది. జనవరి మొదటి వారంలో చేవెళ్ల దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల రెండు వందల గ్రాములు. ఏడ్చింది, పాలు తాగింది. స్తుతి అని పేరు పెట్టారు. పెద్దమ్మ దవాఖాన మెట్ల మీదే మోకరించింది. నేనూ ఆమె పక్కన మోకరించాను.

మా కరపత్రం మళ్లీ అచ్చు వేసినప్పుడు నేను సీసం కొట్టేసి, 'కంటికి కనపడని బ్యాటరీ విషం, కడిగినా పోదు' అని రాశాను. సారు అది శాస్త్రీయంగా లేదన్నారు. ఉండదు సార్ అన్నాను. ఆ కాగితం అలాగే అచ్చుకు పోయింది.

స్తుతికి ఇప్పుడు రెండున్నరేళ్లు. నడుస్తుంది, నవ్వుతుంది, నన్ను చూస్తే చేతులు చాస్తుంది. మాటలు రాలేదు. ఇంకా అమ్మా అని కూడా అనలేదు. కొందరు పిల్లలకు ఆలస్యంగా వస్తాయంటారు ఊరివాళ్లు. వస్తాయి, నిజమే. వెయ్యిమంది పిల్లల్ని కొలిస్తే ఎందరికి ఏమవుతుందో మా పుస్తకాల్లో ఉంది. ఒక్క పిల్లకు ఎందుకయిందో ఏ యంత్రమూ చెప్పదు.

పెద్దమ్మ ఇప్పుడు ఒక ఫామ్‌హౌసులో గడ్డి కోసే పనికి పోతోంది. నేను వెళ్లినప్పుడల్లా స్తుతిని ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంటుంది. పోయిన నెలా అడిగింది.

"సీసం వల్లనేనా బిడ్డా?"

"తెల్వది పెద్దమ్మా" అన్నాను.

ఆమె ఆ మాటను ఇప్పుడు చివరి సున్నతో సహా స్పష్టంగా పలుకుతుంది. మా సారు పలికినట్టే. ఊళ్లో ముసలీ ముతకా అందరికీ ఆ మాట వచ్చేసింది. స్తుతికే ఇంకా ఏ మాటా రాలేదు.